మా తమ్ముని రెండవ సాక్ష్యము

నేను నకిరేకల్‌లో ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘములో స్త్రీల సమాజము పనులు కూడా చాలాకాలం చూశాను. పండుగ ఆరాధనల్లో ఎందరి చేతనో సాక్ష్యాలు చెప్పించాను. అయితే నేను పట్టుబట్టి చెప్పించిన ఒక సాక్ష్యము నా సొంత తమ్ముని ప్రాణం మీదికి తెచ్చింది. ఈ సంగతి చాలా ఏళ్లు నా కడుపులోనే దాచుకున్నాను. "రాయి అక్కా, నలుగురికి పనికొస్తది" అని మా తమ్ముడే అన్నాడు గనుక ఇప్పుడు రాస్తున్నాను.

మా తమ్మునికి నకిరేకల్ దగ్గరి పల్లెలో మూడెకరాల నిమ్మతోట ఉంది. తెల్లవారకముందే లేచి కాయ తెంపి, బస్తాలకు నింపి, మోపెడ్ మీద వేసుకొని వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో చాయ్ తాగి పోవడం అలవాటు. 2010 చలికాలంలో మనిషిలో మార్పు కనిపించింది. మెడ ఎముకలు పైకి తేలాయి. రెండు ముద్దలు తినగానే కంచం జరిపేవాడు.

"ఏమైంది తమ్మీ, గింతేనా తినుడు?" అంటే, "ఏమో అక్కా, కడుపు నిండినట్టే ఉంటది. బువ్వ పోతలేదు. రాత్రి చెమటలు పోస్తున్నయి" అన్నాడు.

అప్పటికి అతనికి 41 ఏళ్లు. మా ప్రాంతంలో ఎముక నొప్పి అన్నా, నీరసం అన్నా అందరూ ముందుగా అనే మాట ఒకటే: ఫ్లోరైడ్ నీళ్లు. నల్లగొండ జిల్లావాళ్లం, ఆ బాధ ఎరిగినవాళ్లం. నేనూ అదే అనుకున్నాను. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన బలం సూదులు వేశాడు, రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. ఆ పూటకు ఓపిక వచ్చినట్టుండేది, మరునాటికి మళ్లీ అంతే. కొన్నాళ్లకు ఎడమ పక్క డొక్కలో గట్టిగా చేతికి తగలసాగింది. "కడుపుల బల్ల పెరిగింది" అన్నారు పెద్దవాళ్లు. పక్క ఊరి ముసలమ్మ ఒకామె కడుపు మీద వాతలు పెట్టింది. ఆ వాతల మచ్చలు ఈనాటికీ ఉన్నాయి. బల్ల మాత్రం పెరుగుతూనే పోయింది.

ఇలా మూడు నెలలు గడిచిపోయాయి. ఎవరినో నిందించడానికి ఇది రాయడం లేదు. చదువుకున్న అక్కను నేనే ఉన్నాను; ఒక్క రక్త పరీక్ష చేయించుదామన్న ఆలోచన నాకే రాలేదు.

చివరికి 2011 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, నేనే వెంటబెట్టుకొని పోయి రక్తం ఇప్పించాను. సీబీపీ అంటారు, రక్తంలోని కణాలను లెక్కపెట్టే మామూలు పరీక్ష. ఏ చిన్న పట్టణంలోనైనా కొద్ది డబ్బులతో చేస్తారు. సాయంత్రం రిపోర్టు కోసం పోతే ల్యాబులోని అబ్బాయి కాగితం ఇవ్వకుండా, "టీచర్, ఇంకొకసారి రక్తం తీస్తా. మిషన్ తప్పు చూపించినట్టుంది" అన్నాడు. మళ్లీ తీశాడు. మళ్లీ అదే లెక్క. తెల్ల కణాలు నాలుగు వేల నుండి పదకొండు వేల మధ్య ఉండవలసినవి, మా తమ్మునికి లక్షా ఎనభై వేలు ఉన్నాయి. ఆ అబ్బాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. తలెత్తి నా ముఖం చూడలేకపోయాడు. "నల్లగొండలో పెద్ద డాక్టరుకు చూపించండి టీచర్, రేపే" అన్నాడు.

నల్లగొండలో డాక్టరుగారు గాజు పలక మీద రక్తపు చుక్క పరచి మైక్రోస్కోపులో చూశారు. ఇది ఒక రకం రక్త క్యాన్సర్ కావచ్చునని, నిశ్చయం చేసుకోవాలంటే హైదరాబాద్ పోవాలని చెప్పారు. ఆ రాత్రి మా మరదలు ఏడ్చిన ఏడుపు నేను మరువలేను. "వదినా, ముగ్గురు పిల్లలు" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రిలో క్యాన్సర్ డాక్టరమ్మ మాతో ఓపికగా మాట్లాడింది. నేను పంతులమ్మనని తెలిసి ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ రోజు నాకు అర్థమైనదాన్ని మీకూ చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. మన శరీరం ఎలా నడవాలో రాసిపెట్టిన పుస్తకాలు అనుకోండి. ఎప్పుడో ఒకసారి, ఎముకల మజ్జలోని ఒకే ఒక కణంలో, తొమ్మిదో పుస్తకంలోని ముక్క ఊడి ఇరవై రెండో దానికి, ఇరవై రెండో దాని ముక్క తొమ్మిదో దానికి అతుక్కుంటాయి. బడికి కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు అప్పుడప్పుడు ఒక పాఠం సగంలో ఇంకొక పాఠం కలిపి కుట్టినవి వచ్చేవి. అలాంటిదే ఇదీ. ఆ రెండు ముక్కలు కలిసిన చోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. "పెరుగు, పెరుగు" అని చెప్పడమే గాని "ఇక చాలు" అనడం దానికి తెలియదు. దాని మాట విని తెల్ల కణాలు లక్షలుగా పెరిగి రక్తంలోకి వస్తాయి. ప్లీహము ఉబ్బుతుంది. మా ఊళ్లో బల్ల అన్నది దానినే. ఈ జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా. సీఎంఎల్ అంటారు. ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వచ్చే అరుదైన జబ్బు.

"ఆ జన్యువు ఉన్నదా లేదా అని రక్తంలోనే వెతుకుతాం. అది దొరికితే ఇదే జబ్బు అని ఖాయం" అన్నది డాక్టరమ్మ. రక్తం తీశారు. మజ్జ కూడా ఒకసారి తీశారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. ఆ జన్యువు ఉన్నది.

మా మరదలు మూడు ప్రశ్నలు అడిగింది. ఏ పల్లెలోనైనా ఏ తల్లి అయినా అడిగే ప్రశ్నలే గనుక రాస్తున్నాను. ఇది అంటుకుంటుందా? అంటుకోదు. పిల్లలకు వస్తుందా? రాదు, ఆ తప్పు మజ్జలోని కణంలో మధ్యలో జరిగింది, తల్లిదండ్రుల నుండి వచ్చింది కాదు, పిల్లలకు పోయేది కాదు. మేం చేసిన ఏ తప్పు వల్ల వచ్చింది? ఈ మూడో ప్రశ్నకు డాక్టరమ్మ కలం కింద పెట్టి, "ఎవరి తప్పూ లేదమ్మా. చాలామందిలో ఎందుకు వచ్చిందో కారణమే కనిపించదు" అన్నది. ఫ్లోరైడ్ వల్ల వచ్చిందా అంటే, కాదన్నది. వాళ్ల పెద్దబిడ్డకు సంబంధాలు చూసే వయసు వస్తున్నది. ఆ రోజు ఆ మాట విన్న తరువాతే మా మరదలు మంచినీళ్లు తాగింది.

ఈ జబ్బు చరిత్ర తరువాత నేను పుస్తకాలు తెప్పించుకొని చదివాను. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్ అనే డాక్టరు, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే పరిశోధక విద్యార్థి ఈ జబ్బు ఉన్నవారి కణాలలో ఒక క్రోమోజోము మామూలుకన్నా పొట్టిగా ఉండడం చూశారు. నోవెల్ గాజు పలకల మీది కణాలను నల్లా నీళ్లతో కడిగాడట. ఆ నీళ్లకు కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా కనబడ్డాయి. ఆ ఊరి పేరుతోనే దానిని ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్నారు. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘాలలో ఫిలదెల్ఫియ ఒకటని ఎరిగిన మనకు ఆ పేరు కొత్త కాదు. పోయిన ముక్క ఎక్కడికి పోయిందో 1973లో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ కనిపెట్టింది. ఆమె నలుగురు పిల్లల తల్లి. క్రోమోజోముల ఫొటోలను ఇంట్లో భోజనాల బల్ల మీద కత్తిరించి పరచుకొని చూసేదట.

రక్త క్యాన్సర్ కథలో మన తెలుగువాని చెయ్యి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పనిచేస్తూ, తన తోటివారితో కలిసి తయారుచేయించిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకీమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. కొంతకాలమైనా ఆ జబ్బు వెనుకకు తగ్గడం లోకం మొదటిసారి చూసింది అప్పుడే. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు.

మా తమ్ముని జబ్బుకు సరిగ్గా ఆ చెడ్డ జన్యువు పనినే ఆపే మందు ఇమాటినిబ్. బ్రయన్ డ్రూకర్ అనే డాక్టరు, మరికొందరు కలిసి రోగుల మీద పరీక్షించారు. 2001లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. గ్లివెక్ అనే పేరుతో అమ్మేవారు. నెలకు లక్షా ఇరవై వేల రూపాయలు అయ్యేది. మూడెకరాల నిమ్మతోట అమ్మితే ఎన్ని నెలలు వస్తుంది? హైదరాబాద్‌కే చెందిన నాట్కో అనే కంపెనీ అదే మందును వీనాట్ పేరుతో 2003లో తెచ్చింది. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. నెలకు సుమారు ఎనిమిది నుండి పది వేల రూపాయలకు దొరికేది. ఆ మందు మీద తమకే హక్కు ఉండాలని గ్లివెక్ కంపెనీ వేసిన దావా చివరికి ఢిల్లీ సుప్రీంకోర్టు దాకా పోయి, 2013 ఏప్రిల్ 1న కొట్టివేయబడింది. ఆ తీర్పు పేపర్లో చదివి మేమంతా కలిసి కూర్చొని కృతజ్ఞతలు చెల్లించాము. కోర్టు తీర్పు చదివి ప్రార్థన చేయడం నా జన్మలో అదే మొదలు.

మొదటి నెలలు మా మరదలి మెడలోని గొలుసు కుదువబెట్టి మందు కొన్నాము. తరువాత ఆసుపత్రిలోనే ఒక సహాయము దొరికింది. రోజుకు ఒక గోలీ, అన్నం తిన్న తరువాత, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి. పొద్దున లేస్తే కళ్ల కింద వాపు, రాత్రి పిక్కలు పట్టేయడం ఉండేవి. అయినా మూడు నెలలు తిరిగేసరికి బల్ల పోయింది. రక్తంలో తెల్ల కణాలు మామూలు లెక్కకు వచ్చాయి. మళ్లీ కాయ తెంపడానికి పోయాడు.

మూడు నెలలకొకసారి హైదరాబాద్ పోయి రక్తం ఇచ్చి రావాలి. కరోనా కాలంలో మనమందరం విన్న ఆర్‌టీపీసీఆర్ అనే మాట గుర్తుందా? ముక్కులో పుల్ల పెట్టి తీసి, అందులో వైరస్ ఆనవాలు వెతికేవారు. అదే పద్ధతితో ఇక్కడ రక్తంలో ఆ అతుకు జన్యువు ఆనవాలు వెతుకుతారు. దానిని మళ్లీ మళ్లీ నకళ్లు తీసి పెంచి లెక్కపెడతారు. లక్ష కణాలలో ఒక్క చెడ్డ కణం ఉన్నా పట్టుకోగలదు. ఫలితము శాతంలో ఇస్తారు. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు పది శాతం లోపుకు, ఏడాదికి ఒక శాతం లోపుకు రావాలి. 0.1 శాతం లోపుకు వస్తే చాలా మంచిది. మా తమ్మునికి మూడు నెలలకు ఎనిమిది వచ్చింది. ఏడాదికి 0.4 వచ్చింది. డాక్టరమ్మ సంతోషించింది. "ఇంకా పోలేదు, కాని మంచి దారిలో ఉంది" అన్నది.

ఇంతవరకు అంతా మంచే. ఇక నా తప్పు చెబుతాను.

2012లో ఈస్టరు పండుగ ఏప్రిల్ 8న వచ్చింది. ఆ ఆరాధనలో ఎవరి చేత సాక్ష్యము చెప్పించాలా అని చూస్తుంటే నాకు మా తమ్ముడే తోచాడు. ఎముకల గూడులా ఉన్న మనిషి మళ్లీ బస్తాలు ఎత్తుతున్నాడు. ఇంతకన్నా గొప్ప సాక్ష్యము ఏముంటుంది? అతడు వద్దన్నాడు. "అక్కా, డాక్టరమ్మ ఇంకా పోలేదన్నది గదా" అన్నాడు. నేను వినలేదు. "కణాల లెక్క మామూలే ఉంది గదా, బల్ల లేదు గదా, చెప్పు తమ్మీ" అని బలవంతపెట్టాను. లేచి నిలబడి తనకు స్వస్థత కలిగిందని చెప్పాడు. గోలీల మాట, రక్త పరీక్షల మాట చెప్పలేదు. చెప్పవద్దని నేననలేదు గాని, చెప్పమని కూడా అనలేదు. సంఘమంతా కన్నీళ్లతో స్తుతించింది. నేను అందరికన్నా ఎక్కువ ఏడ్చాను.

ఆరాధన అయిన తరువాత బయట చెట్టు కింద ఎవరో నవ్వుతూ, "బాగైంది గదా, ఇంకా గోలీలెందుకు? విశ్వాసం లేదా ఏంది?" అన్నారట. అన్నవారు చెడుతనంతో అనలేదు. కాని ఆ మాట అతని మనసులో ముల్లులాగా దిగింది. సంఘమంతటి ముందు నాకు నయమైందని చెప్పి, ఇంటికి పోయి దొంగతనంగా గోలీ మింగడం అతనికి సిగ్గుగా తోచింది. ఆ రాత్రి నుండి మానేశాడు. మా మరదలికి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. రోజూ ఒక గోలీ విప్పి నిమ్మచెట్టు పాదులో పారేశాడట.

జూలైలో పరీక్షకు పోయాము. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. ఆకలి బాగుంది. సీబీపీ రిపోర్టు మొదట చేతికి వచ్చింది: తెల్ల కణాలు ఎనిమిది వేలు. మామూలే. నేను సంతోషంగా ఉన్నాను. రెండో రిపోర్టు కొన్నాళ్లకు వచ్చింది. డాక్టరమ్మ దానిని చూసి, ముందటి కాగితం పక్కన పెట్టి చూసి, మా తమ్మునివైపు తిరిగి, "గోలీలు ఎన్ని రోజుల నుండి మానేశావు?" అని అడిగింది.

0.4 ఉన్నది ఏడు శాతం దాటింది.

అతడు తల వంచుకున్నాడు. ముఖం చూస్తే ఎవరికీ తెలియదు, కడుపు పట్టి చూస్తే తెలియదు, కణాలు లెక్కపెట్టినా తెలియదు. కట్టుకున్న భార్యకు కూడా తెలియలేదు. అతని రక్తము మాత్రము నిజము చెప్పింది. ఇంకొన్ని నెలలు ఇలాగే పోతే జబ్బు ముదిరి, మందుకు లొంగని దశకు చేరితే, అప్పుడు చేయగలిగింది చాలా తక్కువని డాక్టరమ్మ చెప్పింది. కోప్పడలేదు. కోప్పడితే నాకు కొంత తేలికగా ఉండేది.

తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటేదాకా ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడతడు నెమ్మదిగా, "సిగ్గయింది అక్కా. దేవుని దగ్గర అబద్ధమాడినట్టయింది" అన్నాడు. ఆ మాట నాకు అనవలసింది. సాక్ష్యము అతనిది, తొందర నాది.

మరునాడు మా పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి ఇద్దరమూ ఉన్నదున్నట్టు చెప్పాము. అయ్యగారు చాలాసేపు ఊరకున్నారు. తరువాత లేవీయకాండము తెరిచి పదమూడో అధ్యాయము మమ్మల్నే చదువుకొమ్మన్నారు. నేను ఎన్నోసార్లు దాటవేసిన అధ్యాయము. చర్మము మీద మచ్చ ఉన్నవానిని యాజకుడు చూస్తాడు. ఒక్క చూపుతో తేల్చడు. ఏడు దినాలు వేరుగా ఉంచి మళ్లీ చూస్తాడు. ఇంకా సందేహముంటే మరి ఏడు దినాలు. పైకి కనబడేదే కాదు, లోతుగా ఉన్నదా అని కూడా చూస్తాడు.

"చూడమ్మా, పరీక్షించడం, మళ్లీ మళ్లీ పరీక్షించడం అవిశ్వాసము కాదు. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేసినప్పుడు కూడా పోయి యాజకులకు కనబరచుకొమ్మనే చెప్పాడు. హిజ్కియా రాజుకు ఆయుష్షు పెంచుతానని చెప్పిన దేవుడే పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు. ఆ ముద్దను హిజ్కియా సిగ్గుతో దాచుకున్నాడని ఎక్కడా లేదు" అన్నారు. మళ్లీ మా తమ్మునితో, "ప్రార్థన మేము మానము. గోలీ నువ్వు మానకు" అన్నారు.

ఆ సాయంత్రమే మళ్లీ గోలీ మొదలుపెట్టాడు. దేవుని దయవల్ల మందు మళ్లీ పనిచేసింది. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పలేము గనుక ఈ మాట ధైర్యంగా కాదు, భయంతో రాస్తున్నాను. మూడు నెలలకు ఒక శాతం దగ్గరికి, తరువాతి ఏడాదికి 0.1 లోపుకు దిగింది.

2013 పంటల పండుగలో అతడే అడిగి లేచి నిలబడ్డాడు. ఈసారి నేను చెప్పించలేదు. జేబులో నుండి గోలీల అట్ట తీసి అందరికీ చూపించాడు. "అయ్యలారా అమ్మలారా, పోయిన ఏడు నేను సగం సాక్ష్యం చెప్పిన. ఇయ్యాల మిగిలిన సగం చెప్తున్న. నేను రోజూ ఈ గోలీ వేసుకుంటున్న. మూడు నెలలకొకసారి రక్తం ఇచ్చి వస్తున్న. మన చెలకల గరక చూసిండ్రు గదా. పైన చెక్కితే చేను సాపుగనే కనబడతది. వేరు ఉన్నదనుకో, వాన పడంగనే లేస్తది. నా రక్తంల ఆ వేరు ఎంతున్నదో పరీక్ష చెప్తది. దేవుడే నన్ను బతికించిండు. డాక్టరమ్మ చేతుల, ఈ గోలీల, ఆ కాగితంల గూడ ఆయన్నే ఉన్నడు" అన్నాడు.

ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాని ఆరాధన అయిన తరువాత ముగ్గురు మనుషులు వేరువేరుగా అతని దగ్గరికి వచ్చి తమ జబ్బుల సంగతి చెప్పుకున్నారు. ఒకరు టీబీ మందులు మధ్యలో మానేసినవారు. ఒకరు షుగరును దాచుకున్నవారు. మూడో ఆమె మా స్త్రీల సమాజములోని పెద్దమ్మ.

ఆ పెద్దమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆమెకు హిమోగ్లోబిన్ 19 ఉండేది. రక్తం తక్కువున్న ఆడవాళ్ల మధ్య "నీకేంది, నీ రక్తం బాగుంది" అని అందరూ అనేవారు. ముఖము ఎర్రగా ఉండేది. తలనొప్పి, వేడినీళ్ల స్నానము చేయగానే ఒళ్లంతా దురద. మా తమ్ముని మాట విని పరీక్షకు పోతే, ఆమె రక్తంలో జాక్-2 అనే జన్యువులో మార్పు దొరికింది. మజ్జ ఎర్ర కణాలను అదుపు లేకుండా తయారుచేసే జబ్బు, పాలిసైథీమియా వెరా. ఇదీ అరుదైనదే. రక్తము చిక్కబడి గడ్డకట్టి, పక్షవాతము గాని గుండెపోటు గాని రావచ్చు. ఈ జబ్బు ఉన్నవారిలో వందకు సుమారు 95 మందిలో ఆ మార్పు ఉంటుందని 2005లో కనిపెట్టారు. అంతకుముందు దీనిని తేల్చడానికి చాలా తిప్పలుపడేవారట. ఆమెకు అప్పుడప్పుడు కొంత రక్తము తీసివేసి, డాక్టర్లు చెప్పిన చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇచ్చారు. రక్తము తక్కువైతేనే కాదు, ఎక్కువైనా జబ్బేనని మా ఊరికి అప్పుడు తెలిసింది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బస్సులు లేవు, గోలీలు అయిపోవచ్చాయి. మా సంఘపు యువకులిద్దరు పోలీసుల దగ్గర అనుమతి కాగితం తీసుకొని మోటారు సైకిలు మీద హైదరాబాద్ పోయి తెచ్చారు. గోలీలెందుకని అడిగిన సంఘమే గోలీలు మోసుకొచ్చింది. సంఘము నేర్చుకోగలదని నాకు ఆ రోజు నమ్మకము కలిగింది.

ఇప్పుడు మా తమ్మునికి మనవరాలు ఉంది. ఆమె తల్లికి, అంటే ఆ రోజు మేము భయపడిన పెద్దబిడ్డకు, మంచి సంబంధమే కుదిరింది. పెళ్లి మాటలప్పుడు జబ్బు సంగతి దాచలేదు. చాలా ఏళ్లు లోతుగా తగ్గి ఉన్న కొందరిలో డాక్టర్లు మందు ఆపి చూస్తున్నారని ఈ మధ్య విన్నాము. ఫ్రాన్స్‌లో 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో అలా ఆపినవారిలో వందకు సుమారు 40 మందికి జబ్బు తిరిగి రాలేదు. మిగిలినవారికి తిరిగి వచ్చింది. చాలామందికి మొదటి ఆరు నెలలలోనే. నెలనెలా రక్తపరీక్ష చూసుకుంటూ, డాక్టరు చేతిలో ఉండి చేసే పని అది. నిమ్మచెట్టు పాదులో గోలీ పారేయడం కాదు. మా తమ్ముడు ఇంకా వేసుకుంటూనే ఉన్నాడు.

ప్రియమైన అక్కలారా, తమ్ములారా, నా మాటగా కొన్ని సంగతులు చెప్పి ముగిస్తాను. కారణము లేకుండా బరువు తగ్గుతున్నా, రాత్రి చెమటలు పోస్తున్నా, ఎడమ డొక్కలో బరువుగా ఉన్నా, వాతలకు, బలం సూదులకు పోకుండా ముందు సీబీపీ చేయించండి. లెక్క తేడా ఉంటే పెద్ద డాక్టరుకు చూపించండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, ఎర్రమంజిల్ దాటి రెడ్‌హిల్స్ వైపు పోతే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, రెండూ ప్రభుత్వానివే. రిపోర్టులన్నీ తేదీల వరుసగా ఒక ఫైలులో పెట్టండి. ముందటి కాగితం పక్కన పెడితేనే కొత్త కాగితం మాట్లాడుతుంది. వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించండి. డాక్టరు చెప్పనిదే మందు మానకండి.

ఇంకొక మాట, నాలాంటి పెద్దలకు. ఎవరి చేతనైనా సాక్ష్యము చెప్పించేటప్పుడు, మనకు వినాలని ఉన్నది కాదు, వారికి జరిగినది చెప్పనివ్వండి. మందు తింటున్నవానిని మందు తింటున్నానని చెప్పనివ్వండి. సగం మాటకు సంఘమంతా ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. పూర్తి మాట విని ముగ్గురు బతికిన రోజు కూడా గుర్తుంది.

నిన్న ఉదయము మా తమ్ముడు మళ్లీ చాయ్‌కి వచ్చాడు. కంచంలో నాలుగు ఇడ్లీలు పెడితే నాలుగూ తిన్నాడు. జేబు తడుముకొని గోలీ తీశాడు. నేను పెద్ద గ్లాసు నిండా నీళ్లు ఇచ్చాను.